ఒక్క సిలిండర్‌లోనే ఈజీటీ పెరిగింది, కారణం ఏమై ఉంటుంది?

విమానం పిస్టన్ ఇంజిన్‌లో ఒక సిలిండర్ ఈజీటీ, అంటే ఎగ్జాస్ట్ వాయువు వేడి, 50–100 డిగ్రీల ఫారన్‌హీట్ పెరిగి, దాని సీహెచ్‌టీ, అంటే సిలిండర్ హెడ్ వేడి, కాస్త తగ్గిందంటే ముందు అనుమానించాల్సింది స్పార్క్ ప్లగ్‌నే. ఒక్కో సిలిండర్‌కి ఉండే రెండు ప్లగ్‌లలో ఒక్కటే పనిచేస్తే మంట నెమ్మదిగా పాకుతుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకునేసరికి వాయువు ఇంకా మండుతున్నంత వేడిగా ఉంటుంది. నేల మీద ఒక్కో మాగ్నెటోతో, అంటే ప్లగ్‌లకి కరెంటు ఇచ్చే పరికరంతో, నడిపి చూడండి: చచ్చిన ప్లగ్ తాలూకు మాగ్నెటో మీద మిగతా సిలిండర్లలో ఈజీటీ పెరుగుతుంది, ప్లగ్ చచ్చిన దాంట్లో పడిపోతుంది.

అసలు భయపడాల్సింది దీనికి తలకిందులైన గ్రాఫ్‌కి. ఈజీటీ పడిపోతూ సీహెచ్‌టీ సెకనుకో డిగ్రీ చొప్పున ఎగబాకితే అది ప్రీ-ఇగ్నిషన్, అంటే స్పార్క్ రాకముందే ఇంధనం అంటుకోవడం. పిస్టన్ కరగడానికి నిమిషాలు చాలు. కారణం వెతుకుతూ కూర్చోకండి. వెంటనే థ్రాటిల్ తగ్గించి, మిక్స్చర్ పూర్తిగా రిచ్ చేసి, అంటే గాలిలో ఇంధనం పాలు పెంచి, దగ్గర్లోని రన్‌వే వైపు తిరగండి.