అప్పీలు వేశాక కూడా సస్పెన్షన్ అమల్లోనే ఉందంటే

లాయరుగా మీకు పడిన సస్పెన్షన్ మీద అప్పీలు వేశారు గానీ స్టే (ఆ ఆర్డరు అమలును ఆపడం) అడగలేదు, అందుకే కోర్టులో మీ హాజరు తీసుకోవడం లేదు. అప్పీలు వేసినంత మాత్రాన రాష్ట్ర బార్ కౌన్సిల్ క్రమశిక్షణ కమిటీ ఆర్డరు ఆగదు (అడ్వకేట్స్ చట్టం 1961, సెక్షన్ 40). పేరున్న లాయర్లే ఇక్కడ తప్పులో కాలేస్తుంటారు.

1. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ముందున్న అప్పీల్లో స్టే పిటిషన్ విడిగా వేయండి. "అన్యాయం జరిగింది" అంటే చాలదు. ఫలానా సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేయనివ్వలేదు, ఫలానా నోటీసు అందలేదు అని పేజీ నంబర్లతో సహా రాయండి.

2. అప్పీలు గడువు ఆర్డరు మీకు అందిన రోజు నుంచి 60 రోజులు. ఆర్డరు వచ్చిన, తపాలా ముద్ర ఉన్న కవరు దాచారా? ఆ తేదీకి అదే ఆధారం, పారేయకండి.

3. స్టే చేతికి వచ్చేదాకా గౌను వేయకండి, వాయిదా అడగడానికైనా సరే.

4. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ముందూ ఓడితే సుప్రీంకోర్టుకు అప్పీలు, అదే చట్టం సెక్షన్ 38. మళ్లీ 60 రోజులే.