తమ్మున్ని మిషన్ ట్రైనింగ్ స్కూల్‌ల చేర్పించాల్నా? నేను రెండేండ్లు ఉన్న, చెప్త

అక్కా, మీ తమ్ముడు పది పాసై ఏడాది నుంచి ఇంట్లనే ఉన్నడు, వరంగల్ దిక్కు క్రైస్తవ మిషనోళ్ళ స్కూల్‌ల ఫిట్టర్ సీటు ఉందట, పని వస్తదా, మతం మారమంటరా అని అడిగిండ్రు. నేను అసుంటి స్కూల్‌లనే 1998 నుంచి 2000 దాకా హాస్టల్‌ల ఉండి ఫిట్టర్ చేసిన.

పని వస్తది. గానీ మొదటి మూడు నెలలు పిలగాడు ఏడుస్తడు, అది ముందే చెప్పుండ్రి. ఇనుప ముక్క చేతికిచ్చి, వైస్‌ల బిగించి, ఆకురాయితోని రాకమంటరు. పొద్దంత రాకుడే. మూలమట్టం పెట్టి పైకెత్తి చూస్తే సందుల నుంచి వెలుతురు రావద్దు. వస్తే మల్ల మొదటికే. నేను ఒక మూల సరిచేస్తే ఇంకో మూల దిగేది. 75 మిల్లీమీటర్ల ముక్క రాకంగ రాకంగ 71కి వచ్చింది. మా సారు వెర్నియర్ పెట్టి చూసి, "ఇంకో వారం రాకు, జేబుల ఏసుకపోవచ్చు" అన్నడు. ఆ వెర్నియర్‌ల 0.02 మిల్లీమీటర్ తేడా కూడ తెలుస్తది. అబద్ధమాడ జాగ లేదు.

మా బ్యాచ్‌ల ఐదుగురు ఆ మూడు నెలలల్లనే పారిపోయిండ్రు. ఐదుగురూ ఇంటి నుంచి వచ్చిపోయేటోళ్ళే. హాస్టల్‌ల ఉన్నోడు ఒక్కడు పోలే. బొబ్బలు అందరి చేతులకూ ఉన్నయి, మేము రాత్రి పక్క మంచపోనికి చూపెట్టుకొని నవ్వుకునేది, అంతే తేడా. అందుకే చేర్పిస్తే హాస్టల్‌లనే చేర్పియ్యుండ్రి, ఊరు దగ్గరైనా సరే.

పొద్దుగాల ఐదింటికి వేపచెట్టుకు వేలాడే రైలుపట్టా ముక్కను కొట్టేది. ఎనిమిది మందికొక జట్టు. ఒక వారం వంటిల్లు, ఒక వారం చెట్లకు నీళ్ళు, ఒక వారం పాయఖానలు. పాయఖానల వారం ఒకడు బకెట్ ముట్టనన్నడు, మా ఇంట్ల తెలిస్తే పరువు పోతదని. వార్డెన్ సారు ఏమనలే. నాలుగో రోజు పచ్చిపులుసు వడ్డించే వంటింటి జట్టోళ్ళు వాని పళ్ళెం దాటేసి పోయిండ్రు. తెల్లారి చీపురు పట్టిండు.

ఏది ఖరాబైనా బయటి మేస్త్రీని పిలుసుడు లేదు. బాయి మోటరు నీళ్ళు ఎత్తకుంటే మేమే పైపు గుంజి ఫుట్‌వాల్వ్ బాగుజేసేది. మేము పండే మంచాలు మా సీనియర్లు వెల్డింగ్ చేసినయి. ఎవడో రెండు ట్యాకులు, అంటే చుక్కల్లెక్క అతుకులు, ఏసి వదిలిపెట్టిన మంచం నా వంతుకే వచ్చింది, నడిరాత్రి కూలింది. దాన్ని మల్ల అతికేటప్పుడు అద్దం పెట్టుకోక కండ్లకు ఆర్క్, అంటే వెల్డింగ్ వెలుగు, కొట్టింది. రాత్రంత కండ్లల్ల ఇసుక పోసినట్టే. వంట చేసే అవ్వ ఆలుగడ్డ చక్రాలు కోసి రెప్పల మీద పెట్టి పక్కనే కూసుంది. తెల్లారి డాక్టర్ చుక్కలు ఏసిండు గానీ, నాకు యాదికున్నది ఆలుగడ్డలే.

మతం సంగతి. పొద్దున, రాత్రి ప్రార్థన ఉంటది, కూసోవాలె. ఆకలి మీద పళ్ళెం ముందల పెట్టుకొని కండ్లు మూసుకునుడే కష్టం. మారమని నన్నెవరూ అడగలే. మీరు పోయేకాడ ఇదే మాట వార్డెన్‌ను మొఖం మీదనే అడగుండ్రి. బతుకమ్మకు సెలవిచ్చేటోళ్ళు. 2000ల మేడారం జాతరకు సెలవు లేదన్నరు, అయినా సగం మందిమి పోయినం. తిట్లు తిన్నం గానీ, తెచ్చిన బంగారం ముక్క, అదే అమ్మవార్ల బెల్లం, సారు కూడ నోట్లేసుకున్నడు.

ఒకసారి ప్యాసింజర్ బండెక్కించి డోర్నకల్ చర్చికి తీస్కపోయిండ్రు. 1912ల బిషప్ అయిన అజరయ్య, ఆంగ్లికన్ సంఘంల మొదటి భారతీయ బిషప్ ఆయనే, కట్టించిన గుడి, 1939ల ప్రతిష్ఠ అయింది. గుమ్మటాలు మసీదు లెక్క, స్తంభాలు మన గుళ్ళ లెక్క. అందరు మోకరిల్లితే మా సారు స్తంభం రాయి మూల తడిమి, "ఈడ పెట్టి చూడుర్రి మీ మూలమట్టం" అన్నడు.

అడగాల్సిన అసలు సంగతి: ఎన్‌సీవీటీ, అంటే చేతిపని చదువులకు కేంద్రం పెట్టిన మండలి, ఇప్పుడు దాని జాగల ఎన్‌సీవీఈటీ ఉంది, ఆ గుర్తింపు కాగితం చూపెట్టమనుండ్రి. ఆ సర్టిఫికెట్ లేకుంటే రైల్వేల, సింగరేణిల అప్రెంటిస్‌కు తిప్పలే. నాకు అది ఉండబట్టే అప్రెంటిస్ దొరికింది, తర్వాత ములుగు రోడ్డు మీద గేట్లు, షట్టర్ల షాపు పెట్టుకున్న. ఇంకోటి, స్కూల్ వర్క్‌షాపులకు పోయి వైస్‌లు లెక్కపెట్టుండ్రి. ఇరవై మంది పోరగాండ్లకు ఆరు వైస్‌లుంటే మీ తమ్ముడు రెండేండ్లు నిలబడి చూసుడే నేర్చుకుంటడు.

ఆదివారం మాత్రం పోకుండ్రి. వర్క్‌షాపుకు తాళముంటది, కోడికూర వాసన చూసి బాగుందని వస్తరు. మంగళవారమో బుధవారమో పది గంటలకు పోతే ఆకురాళ్ళ చప్పుడు గేటు కాడికే వినబడాలె.