గ్వాటెమాలా వెళ్లాలనుకునే కొత్తవారికి

టెక్సాస్‌లో ఉద్యోగాలలో కుదురుకున్న మన తెలుగు పిల్లలు డిసెంబరు సెలవులు దగ్గరపడేసరికి నన్ను అడిగే ప్రశ్నలలో ఈమధ్య గ్వాటెమాలా పేరు తరచుగా వినిపిస్తోంది. హ్యూస్టన్ నుంచి మూడు గంటల ప్రయాణం, ఖర్చు అందుబాటులో ఉంటుంది, మాయా నగరాలూ అగ్నిపర్వతాలూ ఒకే చోట చూడవచ్చు, వెళ్లమంటారా అని అడుగుతారు. తప్పకుండా వెళ్లమనే చెబుతాను. అయితే టికెట్ కొనేముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటి, విమానం దిగేముందు మనసులో పెట్టుకోవలసిన సంగతి మరొకటి ఉన్నాయి.

మొదటిది పాస్‌పోర్టులోని అమెరికా వీసా ముద్ర. ముద్ర గడువు ముగిసినా, అమెరికాలో ఎంతవరకు ఉండవచ్చో చూపే ఐ-94 పత్రం చెల్లుబాటులో ఉంటే కెనడా, మెక్సికోలకు 30 రోజుల లోపు వెళ్లి తిరిగి రావచ్చన్న సంగతి చాలామందికి తెలుసు. మెక్సికోను ఆనుకొనే ఉంది కనుక గ్వాటెమాలాకూ ఆ వెసులుబాటు ఉంటుందని కొందరు అనుకుంటారు, ఉండదు. ముద్ర గడువు తీరిపోయి, చేతిలో దరఖాస్తు ఆమోదించినట్టు తెలిపే ఐ-797 కాగితం మాత్రమే ఉన్నవారు గ్వాటెమాలా వెళితే, కొత్త వీసా సంపాదించుకుంటే తప్ప తిరిగి రాలేరు. గ్రీన్ కార్డు దరఖాస్తు నడుస్తున్నవారు అడ్వాన్స్ పెరోల్ (దేశం దాటి తిరిగి రావడానికి ముందుగా తీసుకునే అనుమతి) అవసరమా కాదా అన్నది తమ వకీలును అడిగి, ఆ జవాబు రాతలో తీసుకున్నాకే బయలుదేరడం మంచిది. భారత పాస్‌పోర్టు మీద గ్వాటెమాలాలో ప్రవేశానికి ఏయే పత్రాలు కావాలో వారి కాన్సులేట్‌నే అడగండి, తిరుగు టికెట్ ప్రతిని దగ్గర ఉంచుకోండి. గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్, హోండురస్, నికరాగువా దేశాలు నాలుగింటికీ కలిపి సందర్శకులకు ఇచ్చే గడువు 90 రోజులే కనుక, పక్క దేశంలోకి వెళ్లి వచ్చినంత మాత్రాన లెక్క మళ్లీ మొదలు కాదు. గ్వాటెమాలాలోని ఆంటిగ్వా పట్టణంలో హోటల్ వెతికేటప్పుడు ఆ పేరు చూడగానే డబ్బు కట్టేయకండి. కరీబియన్‌లో అదే పేరుతో ఒక ద్వీపం ఉంది. మీరు దిగవలసింది గ్వాటెమాలా నగరంలోని లా అరోరా విమానాశ్రయంలో, అక్కడి నుంచి ఆంటిగ్వాకు రోడ్డు మీద వెళ్లాలి.

ఇక రెండవ సంగతి. మాయా జాతి అంతరించిపోయిందని, అడవిలో రాళ్లు మాత్రం మిగిలాయని మనలో చాలామంది అనుకుంటాం. మాయా సీమలోని దక్షిణపు పల్లపు నగరాలు తొమ్మిదవ శతాబ్దంలో ఖాళీ అయిన మాట నిజమే, వాటిలో ఒకటైన తికాల్‌లో తేదీ చెక్కిన చివరి శిలాస్తంభం 869 నాటిది. కానీ ప్రజలు ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు ఫ్లోరెస్ అని పిలిచే చిన్న ద్వీపంలోని ఇట్సా అనే మాయా తెగ రాజ్యం 1697 వరకు స్పెయిన్‌కు లొంగకుండా నిలిచింది. ఈనాటికీ గ్వాటెమాలాలో కిచే, కాక్చికెల్, మామ్, కెక్చి, త్సుతుహిల్ మొదలుకొని 22 మాయా భాషలు బతికి ఉన్నాయి. మీకు గది తాళం అందించే అమ్మాయి, పడవ నడిపే పెద్దాయన, సంతలో మొక్కజొన్న రొట్టెలు కాల్చే అవ్వ ఆ భాషలు మాట్లాడేవారే కావచ్చు. వారి ఎదుట మాయావారి గురించి గతించినవారి గురించి మాట్లాడినట్టు మాట్లాడకండి.

ఆ జనం పడిన బాధ తెలియకుండా ఆ దేశంలో తిరగడం సరి కాదని నా గట్టి అభిప్రాయం. 1960 నుంచి 1996 వరకు అక్కడ అంతర్యుద్ధం నడిచింది. ఐక్యరాజ్యసమితి మద్దతుతో పనిచేసిన సత్యశోధన సంఘం 1999లో ఇచ్చిన నివేదిక ప్రకారం రెండు లక్షల మందికి పైగా చనిపోయారు లేదా కనిపించకుండా పోయారు, గుర్తించగలిగిన బాధితులలో 83 శాతం మాయావారే, దారుణాలలో అత్యధిక భాగం సైన్యమూ దాని అనుబంధ దళాలూ చేసినవే. కిచే కుటుంబంలో పుట్టిన రిగోబెర్తా మెంచూకు 1992లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది ఈ నేపథ్యంలోనే. కొండ ప్రాంతపు పల్లెలలో యాభై దాటిన ప్రతివారికీ ఆ కాలం స్వయంగా తెలుసు. వారంతట వారు చెబితే వినండి, మీరుగా తవ్వి అడగకండి.

ఫోటోల విషయంలో కూడా ఇదే జాగ్రత్త అవసరం. పిల్లలను ఎత్తుకుపోతారన్న భయం ఆ పల్లెలలో బలంగా ఉంది. 2000లో తోదోస్ సాంతోస్ కుచుమతాన్ అనే ఊళ్లో ఆ పుకారు మీదనే జనం మూగి ఒక జపాను యాత్రికుడిని, బస్సు డ్రైవరును చంపేశారు. పరాయి పిల్లలను ముద్దు చేయడం, మిఠాయి ఇవ్వడం మనకు సహజంగా తోచే పనులే అయినా అక్కడ తల్లిదండ్రుల అనుమతి లేకుండా చేయకండి, ఫోటో అసలే తీయకండి. స్పానిష్‌లో పరిచయం చేసుకునేటప్పుడు ‘సోయ్ దె లా ఇందియా’ (మాది ఇండియా) అనండి. ‘ఇందియో’ అన్నది అక్కడి ఆదివాసులను కించపరచడానికి వాడే మాట కనుక దానిని నోట రానీయకండి. కిచే, కాక్చికెల్ ఊళ్లలో ధన్యవాదంగా ‘మాల్త్యోష్’ అంటే ముసలివారి ముఖాలు వికసిస్తాయి.

చిచికాస్తెనాంగో సంత గురు, ఆదివారాలలో జరుగుతుంది. అక్కడి సాంతో తోమాస్ చర్చి 16వ శతాబ్దానిది. దాని మెట్లు 18, మాయా సంవత్సరంలో ఇరవై రోజుల నెలలు ఎన్నో అన్ని. మెట్ల మీద చిల్లులు పొడిచిన డబ్బాలలో కోపాల్ బంక ధూపం వేస్తుంటారు, మధ్య మెట్లు పూజ చేసేవారివి, చూడడానికి వెళ్లినవారు పక్క ద్వారం నుంచి పోవాలి, లోపల ఫోటోలు నిషిద్ధం. మాయావారి సృష్టి కథ పోపోల్ వుహ్‌ను ఫ్రాన్సిస్కో హిమేనెస్ అనే పాద్రీ 18వ శతాబ్దపు తొలి ఏళ్లలో కిచే మూలం నుంచి నకలు తీసుకున్నది ఈ ఊళ్లోనే. దేవతలు మట్టితోనూ కొయ్యతోనూ మనుషులను చేసి విఫలులై, చివరకు మొక్కజొన్న పిండితో చేశారన్నది అందులోని కథ. ఆ రాతప్రతి ఇప్పుడు షికాగోలోని న్యూబెరీ గ్రంథాలయంలో ఉంది.

అతిత్లాన్ సరస్సుకు దక్షిణాన మూడు అగ్నిపర్వతాలు నిలబడి ఉంటాయి. మధ్యాహ్నం తరువాత షోకోమిల్ అనే గాలి లేచి అలలు పెరుగుతాయి, కాబట్టి పడవ ప్రయాణాలు పొద్దుటే ముగించండి. ఒడ్డున ఉన్న సాంతియాగో అతిత్లాన్‌లో మాషిమోన్ అనే దేవుడి కొయ్య విగ్రహానికి టోపీ, రుమాళ్లు కట్టి, నోట చుట్ట పెట్టి, సారా నైవేద్యమిస్తారు. ఆ మూర్తిని ఏటా ఒక ఇంట ఉంచి, కోఫ్రాదియా అనే భక్త సంఘం సేవ చేస్తుంది. పోచమ్మకు కల్లు సాక పోసే ఊళ్ల నుంచి వచ్చిన మనకు ఇందులో వింతపడవలసినది ఏమీ లేదు. మీ టోపీ తీసి, అడిగిన కానుక వేసి, నిశ్శబ్దంగా కూర్చోండి.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కట్టిపడేసినది నేత. స్త్రీలు మోకాళ్ల మీద కూర్చొని, మగ్గం ఒక కొసను చెట్టుకో స్తంభానికో కట్టి, రెండో కొసను తోలు పట్టాతో నడుముకు బిగించుకుంటారు. వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. ఒంటి కదలికతోనే నేత సాగుతుంది. అలా నేసిన గ్విపిల్ అనే రవికె మీది అల్లికను బట్టి అది ఏ ఊరి స్త్రీదో చెప్పగలుగుతారు. లంగాగా చుట్టుకునే బట్ట చాలాచోట్ల ఖాస్పె పద్ధతిలో ఉంటుంది, అందులో సాల్కహా పట్టణానికి పేరు. నూలును నేయకముందే ముడులు కట్టి రంగులో ముంచడం దాని కిటుకు. పోచంపల్లి, పుట్టపాక, చీరాల నేతగాళ్ల పనితనం ఎరిగినవారు దాని అంచుల మసకను చూడగానే గుర్తుపడతారు. తమ నమూనాలను కంపెనీలు దొంగిలిస్తున్నాయని ఈ నేత స్త్రీలు 2016లో రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లారు. నెలల తరబడి నేసిన గ్విపిల్‌ను సగం ధరకు బేరమాడడం మన కోఠీ అలవాటు. దానిని ఇక్కడ మానుకోండి. వీలైతే అతిత్లాన్ సరస్సు ఒడ్డునే ఉన్న సాన్ హువాన్ లా లగూనాలోని నేత స్త్రీల సహకార సంఘాలలో కొనండి.

భోజనం సంగతికి వస్తే, శాకాహారులు ‘వెహెతరియానో’ అని చెప్పి ఊరుకుంటే కోడిమాంసం రావచ్చు. ‘సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ మాంతేకా’ (మాంసం, కోడి, పంది కొవ్వు లేకుండా) అని విడివిడిగా చెప్పండి. నల్లచిక్కుడు ముద్దను పంది కొవ్వులో వేయించే అలవాటు ఉన్నందున చివరి మాట తప్పనిసరి. అరటిపండు ముద్దలో తీపి చిక్కుడు కూరి చేసే రెయెనీతోలు పిల్లలకు నచ్చుతాయి. పచ్చిమామిడి ముక్కల మీద నిమ్మరసం, ఉప్పు, గుమ్మడి గింజల పొడి చల్లి వీధిలో అమ్ముతారు. అయితే కోసి ఉంచిన ముక్కలు కాక, మీ కళ్ల ముందు కోసినవే తినండి, కుళాయి నీరు తాగకండి. ఏలకుల ఎగుమతిలో ప్రపంచంలోనే ముందున్న దేశాలలో గ్వాటెమాలా ఒకటి. కోబాన్ పట్టణం చుట్టుపక్కల కెక్చి రైతులు పండించే ఆ పంట అక్కడి వంటలలో మాత్రం దాదాపు కనిపించదు, ఎక్కువ భాగం అరబ్బు దేశాలకు పోతుంది.

తికాల్‌కు ఒక రాత్రి అయినా కేటాయించండి. తెల్లవారుజామున నాలుగవ గుడి కొయ్య మెట్లెక్కితే, అడవి పైకప్పును చీల్చుకొని లేచిన గోపురాలు మంచులో తేలుతుంటాయి, హౌలర్ కోతులు పెడబొబ్బలు పెడుతుంటాయి. 47 మీటర్ల మొదటి గుడిని ఎక్కనీయరు. దాని కింద హసా చాన్ కవీల్ రాజు సమాధి ఉంది.

ఆంటిగ్వా దగ్గరి 3,976 మీటర్ల అకాతెనాంగో అగ్నిపర్వతం ఎక్కాలనుకునే కుర్రవాళ్లు రాత్రి చలిని తక్కువ అంచనా వేయకండి. పక్కనున్న ఫ్యూగో అగ్నిపర్వతం 2018 జూన్ 3న ఒక ఊరినే పూడ్చివేసింది కనుక విపత్తుల హెచ్చరికలు చేసే కోన్రెద్ అనే ప్రభుత్వ సంస్థ ప్రకటనలు చూసి, గైడు వద్దంటే మానుకోండి. ఊళ్ల మధ్య ప్రయాణాలు చీకటి పడకముందే ముగించండి. మే నుంచి అక్టోబరు దాకా వానలు. ఈస్టరు ముందు వారంలో రంగుల రంపపు పొట్టుతో వీధులలో తివాచీలు పరిచే ఆంటిగ్వా ఉత్సవం చూడాలంటే గదులు నెలల ముందే తీసుకోవాలి.

తిరిగి వచ్చేటప్పుడు, సంతలో ఎవరైనా ‘తవ్వకాలలో దొరికింది’ అని మట్టిపాత్రో పచ్చరాతి పూసో చూపిస్తే కొనకండి. గ్వాటెమాలా చట్టం ప్రాచీన వస్తువులను దేశం దాటనీయదు, అమెరికాతో 1997 నుంచి ఒప్పందం కూడా ఉన్నందున ఇక్కడి కస్టమ్స్ అధికారులు స్వాధీనం చేసుకుంటారు. వేయించిన కాఫీ గింజలు తెచ్చుకోవచ్చు. తినే వస్తువు ఏది తెచ్చినా కస్టమ్స్ వారికి తెలియజేయండి, తాజా పండ్లు మాత్రం అక్కడే తినేసి రండి.