సంచార జాతుల మధ్య పనిచేస్తానంటోంది మా అమ్మాయి... చదివించాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది బీఏ పూర్తిచేసింది. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివి యానాదులు, నక్కలవాళ్లు, బుడగ జంగాల లాంటి సంచార, విముక్త జాతుల్లో పనిచేస్తానంటోంది. మా బంధువుల అబ్బాయి డెవలప్‌మెంట్ మేనేజ్‌మెంట్ (అభివృద్ధి ప్రాజెక్టులు నడపడం నేర్పే కోర్సు) చేసి హైదరాబాద్‌లో సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) ఉద్యోగంలో ఉన్నాడు. నువ్వూ అదే చెయ్యమంటే వినడం లేదు. రెండింటిలో ఏది మేలు? ఆ దొంగ జాతుల గుడిసెల చుట్టూ ఆడపిల్లను తిప్పడం క్షేమమేనా?
– ఒక తండ్రి, బాపట్ల

జవాబు: మీరు కోర్సుల గురించి అడిగారు గానీ మీ భయమంతా చివరి వాక్యంలో ఉంది. ముందు దాని సంగతే చూద్దాం.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేసింది. ఎరుకల లాంటి కులాలను పుట్టుకతోనే నేరస్తుల కింద జమకట్టి, పేర్లు రాసుకుని, పోలీసుల ముందు హాజరు వేయించారు. మీ జిల్లాలోని స్టువర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది, దాని నుంచి బయటపడ్డవాళ్లనే విముక్త జాతులంటారు. జైళ్లలో కులవివక్షపై 2024 అక్టోబరులో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, విముక్త జాతుల వాళ్లను ఇష్టానుసారం అరెస్టు చేయకుండా చూడమని పోలీసులకు చెప్పాల్సి వచ్చింది. అంటే చట్టం పోయినా అనుమానం పోలేదు. మీరు చదువుకున్నవారు, స్టువర్టుపురానికి ఇంత దగ్గర్లో ఉన్నవారు. మీ ఉత్తరంలోనూ అదే మాట ఉంటే ఎలా? ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడుతుంటే మీ సలహా అమ్మాయి చెవికెక్కకపోవడం ఆమె మొండితనం కాదు. ఈ విషయంలో మారాల్సింది మీరే.

అసలు ప్రమాదాలు వేరే ఉన్నాయి. ఈ కుటుంబాలు పగలు గుడిసెల దగ్గర దొరకవు. పిన్నీసులు, పూసలు అమ్ముకునేవాళ్లు, ఎలుకలు పట్టడానికి పొలాలకు వెళ్లేవాళ్లు తెల్లవారకముందే బయల్దేరతారు. కలవాలంటే పొద్దున్నే ఆరింటికో, చీకటిపడ్డాకో వెళ్లాలి. కాబట్టి మీరు భయపడాల్సింది రాత్రిపూట రోడ్డు మీద ఒంటరి బండి ప్రయాణాన్ని చూసి. ఉద్యోగం ఇచ్చే సంస్థను మూడు అడగమనండి: ఇద్దరిని జతగా పంపుతారా, ప్రమాద బీమా ఉందా, లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉందా. పదిమంది, ఆపైన పనిచేసే చోట ఆ కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. నీళ్లు నమిలే సంస్థలో చేరవద్దు.

ఇక పని. ప్రసంగాలు, అవగాహన సదస్సులు అనుకుంటారు చాలామంది. నిజానికి ఇందులో ఎక్కువ భాగం కాగితాల పని. నక్కలవాళ్లు, యానాదులు, ఎరుకలవాళ్లు ఎస్టీలు. దొమ్మర్లు బీసీ-ఏ. బుడగ జంగాలు తెలంగాణలో ఎస్సీలు, మన రాష్ట్రంలో అదే హోదా కోసం ఏళ్లుగా అడుగుతున్నారు. కుల ధ్రువపత్రానికి వెళ్తే తండ్రి సర్టిఫికెట్ ఏదంటారు, భూమి కాగితం ఏదంటారు. తండ్రి బడి ముఖమే చూడలేదు, తాత ఏ ఊళ్లో పుట్టాడో ఎవరికీ తెలియదు. అప్పుడు మేనమామ పిల్లల సర్టిఫికెట్, పాత బడి రిజిస్టరు, కులపెద్దల వాంగ్మూలం, స్థానిక విచారణ నివేదిక ఒక్కొక్కటే పోగుచేయాలి. కొన్ని కులాల దరఖాస్తు తహసీల్దారు దగ్గర కాదు, ఆర్డీఓ దగ్గర తేలుతుంది. అది తెలియక తప్పు కౌంటర్ దగ్గర నెలలు పోగొట్టుకుంటారు. పిల్లల పుట్టుక ఏడాదిలోపు నమోదు కాకపోతే దానికీ రెవెన్యూ అధికారి ఉత్తర్వు కావాలి.

బడిలో టీసీ లేదని పిల్లను తిప్పి పంపితే, విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఆపకూడదనీ, 14వ సెక్షన్ ప్రకారం వయసు రుజువు లేదని నిరాకరించకూడదనీ హెడ్మాస్టరుకు చూపించగలగాలి. కుర్రాణ్ని అనుమానం మీద స్టేషన్‌కు తీసుకెళ్తే, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్న నియమం గుర్తుచేసి, 15100కు ఫోన్ చేసి న్యాయసేవాధికార సంస్థ వకీలును రప్పించగలగాలి.

మంచి ఉద్దేశంతో చేసినవి చెడిపోవడమూ ఇక్కడ మామూలే. డ్వాక్రా పద్ధతిలో వారం వారం సమావేశం, పొదుపు అంటారు. సగం కుటుంబాలు మూడు నెలలు వలస పోతే సంఘం పుస్తకాల్లోనే మిగులుతుంది, అప్పు మొండిబకాయి అవుతుంది, ఆ పేరుతో బ్యాంకు ఇంకోసారి రానివ్వదు. వలస కాలాన్ని ముందే క్యాలెండరు వేసుకుని, ఉన్న నెలల్లో ఎక్కువ, లేని నెలల్లో సున్నా అని వాయిదాలు అమర్చుకుంటే నిలబడుతుంది. ఊరికి దూరంగా కట్టిన కాలనీ ఇళ్లు ఖాళీగా పడి ఉండటానికి కారణం సోమరితనం కాదు. అక్కడ అమ్ముకోవడానికి సంత లేదు, చనిపోతే పాతిపెట్టడానికి జాగా లేదు. 2022లో కేంద్రం ఈ జాతుల కోసం సీడ్ అనే పథకం ప్రకటించింది. ఐదేళ్లకు 200 కోట్లు. కోచింగ్, ఆరోగ్య బీమా, జీవనోపాధి, ఇల్లు అందులో చేర్చింది. కానీ ఏ పథకమైనా పైన చెప్పిన కాగితాల దగ్గరే ఆగిపోతుంది.

మీ బంధువుల అబ్బాయి దారి గురించి నా అనుమానాలు దాచను. సీఎస్ఆర్ ఉద్యోగం చెడ్డదని కాదు, మీ అమ్మాయి కోరుకున్న చోటికి అది తీసుకెళ్లదు. కంపెనీల చట్టం 135వ సెక్షన్ లాభాల్లో రెండు శాతం ఖర్చుపెట్టమంటుంది, తమ చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇమ్మంటుంది. ఫ్యాక్టరీ పక్క ఊరికి బడి గోడలు కట్టి ఫొటో తీయడం తేలిక. ఏ ఊరికీ చెందని కుటుంబాన్ని ఏ ఊరి ఖాతాలో చూపిస్తారు? ఏడాదిలో లబ్ధిదారుల సంఖ్య కావాలంటారు. మొదట్లో సర్వే చేసిన కుటుంబాలు ఏడాది చివర అక్కడ ఉండవు, కాబట్టి ఫలితం లేదని రాస్తారు, ప్రాజెక్టు ఆగిపోతుంది. చదువుకున్న కుర్రాళ్లను భృతి ఇచ్చి పల్లెలకు పంపే ఏడాది, రెండేళ్ల ఫెలోషిప్‌లదీ ఇదే తంతు. ఆ గుడిసెల్లో మొదటి ఏడాది నమ్మకం సంపాదించడానికే సరిపోతుంది. ముసలమ్మ నోరు విప్పి మాట్లాడే వేళకు ఫెలో మూటాముల్లె సర్దుకుంటాడు. తర్వాత వచ్చినవాళ్లను ఎవరూ నమ్మరు. లక్షల ఫీజు కట్టి చదివే మేనేజ్‌మెంట్ కోర్సు అప్పును కూడా నెత్తిన పెడుతుంది. అప్పు ఉన్నవాళ్లు ఎక్కువ జీతం ఉన్న నగరానికే పోతారు, అందులో వాళ్ల తప్పు లేదు.

జీతం మాట. క్షేత్రస్థాయి మొదటి ఉద్యోగం సాధారణంగా నెలకు 18,000 నుంచి 30,000 మధ్య ఉంటుంది. ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు. 2020 సవరణతో విదేశీ విరాళాల్లో పరిపాలన ఖర్చు పరిమితిని 50 నుంచి 20 శాతానికి దించారు. స్వచ్ఛంద సంస్థల్లో కొన్ని ఉద్యోగాలు ఇబ్బందిలో పడటానికి అదొక కారణం. ఇది తెలిసే దిగాలి.

అయినా ఎంఎస్‌డబ్ల్యూ చేతిలో ఉంటే రోడ్డున పడరు. జిల్లా బాలల పరిరక్షణ విభాగాలు, సెర్ప్ (గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ), ఆసుపత్రుల్లో సామాజిక కార్యకర్త, కౌన్సెలర్ పోస్టులు ఉన్నాయి. పెద్ద ఫ్యాక్టరీల్లో సంక్షేమాధికారి ఉండాలని చట్టం చెబుతోంది, దానికీ ఈ చదువు పనికొస్తుంది. యూజీసీ నెట్‌లో సోషల్ వర్క్ ఒక సబ్జెక్టు కాబట్టి అధ్యాపక వృత్తీ తెరిచే ఉంటుంది. పదేళ్ల తర్వాత ఆమె దారి మార్చుకోవాలనుకుంటే తలుపులన్నీ మూసుకుపోయి ఉండవు. మీ నిద్ర పోగొట్టుకోవాల్సిన సంగతి కాదిది.

పోలిక అడిగారు గనుక ఒక్క ముక్క: జనం మధ్య పని కావాలంటే ఎంఎస్‌డబ్ల్యూ, నిధులు, నివేదికలు, కార్యాలయం కావాలంటే మేనేజ్‌మెంట్. మీ అమ్మాయి ఏది కోరుకుంటోందో మీకు ముందే చెప్పింది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు భవనం చూడకండి, ఫీల్డ్‌వర్క్ చూడండి. వారానికి రెండు రోజులు నిజంగా బయటికి పంపుతారా, వెంట సూపర్‌వైజరు వస్తారా, విద్యార్థి రాసిన రిపోర్టు చదివి సరిదిద్దుతారా అని సీనియర్లను అడగమనండి. ఫీజు కట్టేలోపు సమయం ఉంటే, ఈ జాతులతో ఇప్పటికే పనిచేస్తున్న సంస్థలో రెండు నెలలు వాలంటీరుగా చేరమనండి. పని ఒక్కటే ఇవ్వమని అడగాలి: ఒక కుటుంబానికి కుల ధ్రువపత్రం మొదటి దరఖాస్తు నుంచి చేతికొచ్చేదాకా. రెండు నెలల్లో అది చేతికి రాకపోవచ్చు. ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో మీకు కూర్చోబెట్టి వివరించగలిగితే, మళ్లీ ఆ ఆఫీసుకు వెళ్లడానికి సిద్ధంగా ఉంటే, అప్లికేషన్ నింపేయండి.