రెట్ సిండ్రోమ్ ఉన్న పాప మళ్లీ చేతులు వాడగలదా?

మీ పాపకు రెట్ సిండ్రోమ్ (పిల్లలకు వచ్చిన చేతిపని, మాట వెనక్కి పోయే జబ్బు) అన్నారు, రోజంతా చేతులు నలుపుకుంటూనే ఉంటుంది, థెరపీ చేయిస్తే మళ్లీ చెంచా పట్టుకుంటుందా అని అడిగారు. నేను డాక్టర్ని కాను. విశాఖ పోర్టులో పనిచేసి రిటైరైన తాతను. మా అమ్మాయి కూతురికీ ఇదే జబ్బు, గాజువాకలో మా దగ్గరే పెరుగుతోంది. నన్నడిగితే కొంతవరకు వస్తుంది. దానికి అడ్డం పడేది జబ్బు ఒక్కటే కాదు, పక్కనున్న మన తొందర కూడా.

మా మనవరాలు ఏడాది దాటేదాకా బిస్కెట్ తనే పట్టుకు తినేది. తర్వాత చేయి వాడడం మానేసింది. రెండు చేతులూ గుండెల దగ్గర పెట్టుకుని, సబ్బు రుద్దుకుంటున్నట్టు ఒకటే నలపడం. వియన్నాలో డాక్టర్ ఆండ్రియాస్ రెట్ కంట పడిందీ ఇదే. తన వెయిటింగ్ హాల్లో ఇద్దరు పాపలు తల్లుల ఒళ్లో కూర్చుని ఒకేలా చేతులు నలుపుకుంటుంటే చూసి ఆరా తీశాడట. 1966లో దాని గురించి రాశాడు. ఎంఈసీపీ2 అనే జీన్‌లో తేడా వల్ల, ఎక్కువగా ఆడపిల్లలకే వస్తుంది. మా వీధివాళ్లు మాత్రం దిష్టి అని తేల్చేశారు.

ఓసారి మా వియ్యపురాలు మాడుగుల హల్వా తెచ్చారు. పాపకి అదంటే ప్రాణం. ఆవిడ ముక్క తుంచి నోట్లో పెట్టబోతుంటే మా ఆవిడ, "ఆగండి వదినగారూ, అదే తీసుకుంటుంది" అంది. జీడిపప్పు ఏరేసి (ఈ పిల్లలకు మింగడం కష్టం, మీరూ చూసుకోండి) ముక్క పళ్లెంలో పెట్టింది. పాప ఎడమ చేయి నేను మెల్లగా పట్టుకున్నాను. రెండు చేతులూ కలవకపోతే కుడి చేతికి తీరిక దొరుకుతుంది, మా థెరపిస్టు నేర్పిన పద్ధతి అది.

పాప హల్వా చూసింది. వెంటనే మొహం తిప్పి ఫ్యాను వంక చూసింది. "వద్దంటోంది పాపం" అన్నారు వియ్యపురాలు. వద్దనడం కాదండీ అది. ఈ పిల్లల్లో చాలామంది ముందు వస్తువును చూస్తారు, చూపు తప్పిస్తారు, అప్పుడు గానీ చేయి చాపరు. బలం లేక కాదు, అనుకున్న పని చేతిదాకా చేరడానికే టైం పడుతుంది. చేయి బయల్దేరింది, మళ్లీ గుండెల దగ్గరికే పోయింది. కాసేపు ఊపిరి బిగబట్టింది. మేమెవ్వరం మాట్లాడలేదు. ఆఖరికి అరచేత్తో ముక్కను అదిమి, పిడికిట్లో ఇరికించి, నెయ్యి మణికట్టు దాకా కారుతుండగా నోటికి తెచ్చుకుంది. సగం గౌను మీదే పడింది. కొత్త గౌను పాడైందని వియ్యపురాలి బాధ!

అందుకే ఈ థెరపీ సెంటర్లలో పూసలు, రంగు రింగులు చేతిలో పెడితే నాకు ఒళ్లు మండుతుంది. పూసతో దానికేం పని? తనకు కావాల్సింది ఎదురుగా ఉంటేనే చేయి కదులుతుంది. మోచేయి వంగకుండా ఓ చేతికి స్ప్లింట్ (బిగువైన పట్టీ) కట్టడమూ మంచిదే. కానీ మన విశాఖ ఉక్కపోతలో లోపల చెమట పట్టి చర్మం కందుతుంది. కాసేపే కట్టండి, విప్పగానే చర్మం చూడండి.

ఇక ఆఫీసుల సంగతి. 2016 వికలాంగుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, రెట్ పేరు విడిగా లేదు. సర్టిఫికెట్ కోసం ప్రతి బల్ల దగ్గరా మొదటినుంచీ చెప్పుకోవాలి. ఐదేళ్లు నిండాక ఆధార్‌కి వేలిముద్రలంటారు. ఒక సెంటర్లో కుర్రాడు పాప పిడికిలి బలవంతంగా విప్పబోయాడు, అది ఏడుపు లంకించుకుంది. కాస్త ఆగు నాయనా అంటే, వెనకాల లైను చూడండి తాతగారూ అన్నాడు.

మీ చెంచా సంగతికొస్తే, పిడికి గుడ్డ చుట్టి లావు చేయండి. చెంచాకి అంటుకునేలా ముద్దపప్పు అన్నమో, గట్టి పెరుగన్నమో పెట్టండి. పాప బాగా ఆకలి మీద ఉన్నప్పుడు వద్దు, ఏడుస్తుంది. కొంచెం తిన్నాక మొదలెట్టండి. ముద్దలు కలిపి గబగబా పెట్టేసే మామ్మగారు ఇంట్లో ఉంటే, ఆ కాసేపు ఆవిణ్ణి పక్కింటికి పంపండి.