డప్పుతో మొదలుపెట్టు

అమ్మాయీ,

వచ్చే గురువారం డిపార్ట్‌మెంట్‌లో నీ సెమినార్ అని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. నువ్వు పంపిన స్లైడ్లు కూడా అందాయి. లెక్కపెట్టాను, యాభై రెండు. నీకిచ్చింది యాభై నిమిషాలు, అందులో చివరి పదీ ప్రశ్నలకే పోతాయి. అంటే నిమిషం తిరక్కుండానే ఒక్కో స్లైడ్ దాటిపోవాలి, అదీ రీమానియన్ మానిఫోల్డ్ మీద, అంటే దూరాలు కొలవడానికి వీలున్న వంపు తిరిగిన జాగాల మీద! మొదటి తొమ్మిది స్లైడ్ల నిండా నిర్వచనాలే ఉన్నాయి. మూడోదానికల్లా వెనక వరసలో ఫోన్లు బయటికొస్తాయమ్మా, ఏమీ అనుకోకు.

ఇది ఒడ్డున కూర్చుని చెబుతున్న మాట కాదు, నేనూ ఒకసారి నిండా మునిగినవాణ్నే. పీహెచ్‌డీ చేసే రోజుల్లో వేరే ఊళ్లో ఒక కాన్ఫరెన్స్‌కి నలభై ట్రాన్స్‌పరెన్సీలు రాసుకుని మోసుకెళ్లాను (అప్పుడు ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్లే). ఇరవయ్యో షీటు దగ్గర ఉండగానే అధ్యక్షులవారు గంట కొట్టారు. నా థీరం ముప్పై ఎనిమిదో షీటులో ఉంది. గాభరాపడి మధ్యవన్నీ పక్కకి తోసి దాన్ని వెతుకుతుంటే సగం కింద పడ్డాయి, ఫ్యాన్ గాలికి ముందు వరస కాళ్ల దగ్గరికి కొట్టుకుపోయాయి. ఒక పెద్దాయన ఓపిగ్గా రెండు షీట్లు ఏరి ఇస్తూ, "ఇంతకీ నువ్వు నిరూపించింది ఏమిటి బాబూ?" అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నీళ్లు నమిలాను.

నువ్వు ఆ ప్రశ్నకి జవాబు మొదటి అయిదు నిమిషాల్లోనే చెప్పేసెయ్. నీ పని ఐగన్ విలువల మీద కదా, అంటే ఒక వస్తువు ఏయే స్వరాల్లో మోగగలదో చెప్పే అంకెల మీద, అందుకే డప్పుతో మొదలుపెట్టు. కళ్లు మూసుకుని డప్పు శబ్దం విని దాని ఆకారం చెప్పగలమా అని 1966లో మార్క్ కాట్స్ అనే గణితజ్ఞుడు ఒక వ్యాసంలో అడిగాడు. చెప్పలేమని 1992లో గోర్డన్, వెబ్, వోల్పర్ట్ తేల్చారు, ఆకారాలు వేరైనా అవే ఐగన్ విలువలున్న రెండు బొమ్మలు గీసి చూపించారు. ఇది వినడానికి మానిఫోల్డ్ తెలియక్కర్లేదు, ఎమ్మెస్సీ మొదటి ఏడాది పిల్లలు కూడా తలెత్తి చూస్తారు. ఆకారం తెలియకపోయినా డప్పు వైశాల్యం మాత్రం తెలుస్తుందని హెర్మన్ వైల్ అనే గణితజ్ఞుడు 1911లోనే చూపించాడు కాబట్టి, ఏది వినపడుతుంది, ఏది వినపడదు అన్నదే నీ కథ అవుతుంది.

తర్వాత ప్రొజెక్టర్ ఆపేసి బోర్డు దగ్గరికి వెళ్లు. రెండు చివర్లా బిగించిన తీగ ఒకటి గియ్యి, పొడవు పై (π). ఐగన్ విలువలు 1, 4, 9, 16 అని రాసుకుంటూ పో. వందకి మించకుండా ఎన్ని ఉన్నాయి? పది. పొడవు రెట్టింపు చెయ్యి, ప్రతి విలువా నాలుగో వంతుకి పడిపోతుంది, ఇప్పుడు వంద దాకా ఇరవై. విలువల్ని లెక్కపెడితే తీగ పొడవు దొరికిపోయింది చూశావా, వైల్ డప్పుకి చెప్పింది ఇదే. మొదటి తీగకే తిరిగొచ్చి ఆ విలువల్ని తలకిందులు చేసి కూడితే ఒకటి, పావు, తొమ్మిదో వంతు, అలా అలా ఆయిలర్ కనిపెట్టిన పై వర్గం బై ఆరు వస్తుంది, అంటే ఇలాంటి కూడికలకి పెట్టిన పేరే అయిన జీటా ఫంక్షన్ ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చుంది. ఇంతా కలిపి ఎనిమిది నిమిషాల పని. తొందరపడకు, ఈ ఒక్కటీ వాళ్లకి ఎక్కితే మిగతాది నువ్వు ఎంత వేగంగా చెప్పినా నీ వెంట వస్తారు.

ఇక్కడ మీనాక్షిసుందరం గారి పేరు ఎత్తకపోతే ఊరుకోను. మన ఆంధ్రా యూనివర్సిటీలోనే ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారాయన. తీగకి మనం చేసిన ఆ కూడికని మానిఫోల్డ్‌కి ఎలా చెయ్యాలో స్వీడన్‌కి చెందిన ప్లేయెల్‌తో కలిసి 1949లో రాశారు, ఇప్పటికీ ఆ ఫంక్షన్ ఇద్దరి పేరు మీదే ఉంది. నీ ముప్పై ఒకటో స్లైడ్‌లో చిన్న అక్షరాల్లో పడేశావు, అన్యాయం. వాల్తేరులో నిలబడి మాట్లాడుతూ ఆ పేరు అలా దాటేస్తారా ఎవరైనా?

ఆ తర్వాత నీ థీరం చెప్పు, బోర్డు ఎడమవైపు పైన రాయి, చివరిదాకా చెరపకు. ప్రూఫ్ మొత్తం వద్దు. దానికి మెట్లుగా వాడిన నాలుగు లెమ్మాల్లో అసలు కష్టం మూడోదానిలోనే ఉందని నాకనిపించింది, అది ఎందుకు కష్టమో చెప్పు, తక్కినవి పేపర్లో ఉన్నాయని వదిలెయ్. మీ గైడు నొచ్చుకుంటారని భయమైతే ఆ తక్కిన మూడింటి స్లైడ్లూ చివర దాచిపెట్టు, ఎవరైనా అడిగితే తియ్యి.

ప్రశ్నలంటే టెన్షన్ పడకు. తెలియకపోతే "తెలియదండీ, చూసి చెబుతాను" అను, నీ పరువేమీ పోదు. కొందరు ప్రశ్న పేరుతో తమ పాత పేపర్ గురించి చెప్పుకుంటారు, చెప్పుకోనీ, తలూపి థాంక్స్ చెప్పెయ్.

బోర్డుని తడిగుడ్డతో తుడవొద్దు సుమా. మన ఊరి తేమకి అది ఆరేసరికి నీ టైమ్ అయిపోతుంది, తడి మీద రాస్తే సుద్ద పట్టదు. ఇంటి దగ్గర్నుంచే పాత నూలు గుడ్డ ఒకటి మడిచి బ్యాగులో పెట్టుకో.

ఆదివారం సాయంత్రం మా ఇంటికి రా. వరండాలో ట్యూషన్ల నాటి బోర్డు ఇంకా ఉంది, గడియారం పెట్టుకుని ఒకసారి మొత్తం చెప్పు. మీ పెద్దమ్మ కూడా వింటానంటోంది. తీగ దాకా వచ్చాక ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయిందంటే మాత్రం ఆ భాగం మళ్లీ రాయాల్సిందే.

ఇట్లు,
పెదనాన్న