కమిషనర్ల బోర్డు మీద జాగా అయిపోయింది

మీరు అడిగింది: "మా మున్సిపాలిటీలో ఏడాదిలో మూడోసారి కమిషనర్ మారాడు. ఇప్పుడొచ్చినాయన కూడా ఇన్‌ఛార్జే. కౌన్సిల్ ఏం చేస్తోంది? ఎవరిని నిలదీయాలి?"

ముందు మీ కౌన్సిలర్‌ని తిట్టడం ఆపండి. నేనూ కొన్నాళ్లు తిట్టాను. ఈ విషయంలో ఆయనకీ మనకీ పెద్ద తేడా లేదని తర్వాత తెలిసింది. కమిషనర్‌ని వేసేది కౌన్సిల్ కాదు, రాష్ట్ర ప్రభుత్వం. 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టంలోనే అలా ఉంది. కౌన్సిల్ తీర్మానం చేస్తుంది, దాన్ని అమలు చేసే కలం కమిషనర్ చేతిలో ఉంటుంది. ఆ కలం ఎవరి చేతికి వస్తుందో మనం ఓటేసిన మనిషికి కూడా పేపర్లో చూస్తేగానీ తెలియదు. ఎమ్మెల్యేలకు మాత్రం ముందే తెలుస్తుంది. వాళ్ల లెటర్ లేకుండా మా వైపు ఒక్క పోస్టింగూ పడదని నా గట్టి నమ్మకం. రుజువు అడక్కండి.

నేనుండేది గుంటూరు బ్రాడీపేటలో. మా ఇల్లు మాత్రం ఇక్కడికి గంట దూరంలో ఒక చిన్న మున్సిపాలిటీలో ఉంది. ఊరి పేరు చెప్పను, అమ్మ ఇంకా అక్కడే ఉంటోంది. 2022లో నాన్న పోయాక ఇంటి పన్ను అమ్మ పేరుకి మార్చమని వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టాం. డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మాకేం అభ్యంతరం లేదని అక్కా నేనూ రాసిచ్చిన కాగితం, అన్నీ ఇచ్చాం. ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) చూశాడు, ఆర్వో (రెవెన్యూ ఆఫీసర్) చూశాడు. అక్కడితో ఆగింది. ఎప్పుడు అడిగినా ఒకటే మాట: "కమిషనర్ లాగిన్‌లో ఉందండి."

లాగిన్ ఉంది, కమిషనరే లేడు. పాతాయనకి బదిలీ అయింది. ఆయన స్థానంలో ఆర్డర్ పడినాయన సెలవు పెట్టాడు. వేరే ఊరికి ప్రయత్నం చేసుకుంటున్నాడని గుమాస్తాలే మెల్లగా చెప్పారు. ఈలోపు పక్క మున్సిపాలిటీ కమిషనర్‌కి ఎఫ్‌ఏసీ ఇచ్చారు, అంటే పూర్తి అదనపు బాధ్యతలు. పేరులోనే పూర్తి. ఆయన వచ్చేది మంగళవారం, శుక్రవారం, అదీ సాయంత్రం నాలుగు దాటాక. వచ్చినా జీతాల ఫైళ్లు, మంచినీళ్ల ట్యాంకర్ల ఫైళ్లు చూసుకుని వెళ్లిపోయేవాడు. మిగతావి "రెగ్యులర్ కమిషనర్ వచ్చాక చూద్దాం". ఆయన్నీ తప్పు పట్టలేం. రేపు ఏదైనా తేడా వస్తే సంతకం ఎవరిదని అడుగుతారు కదా.

ఒక శుక్రవారం అమ్మ తనూ వస్తానంది. ముసలిదాన్ని చూస్తే జాలిపడతారేమోనని ఆమె లెక్క. కమిషనర్ గది బయట బెంచీ మీద కూర్చున్నాం. ఎదురుగా గోడకి ఒక చెక్క బోర్డు: పని చేసిన కమిషనర్లు, పేరు, నుంచి, వరకు. అమ్మ టీచరుగా రిటైరైంది, బోర్డు కనబడితే చివరిదాకా చదవకుండా వదలదు. పై వరసల్లో ఒక్కొక్కరూ మూడేళ్లు, నాలుగేళ్లు ఉన్నారు. కిందికి వచ్చేకొద్దీ ఏడాది, ఎనిమిది నెలలు, ఒకాయనైతే నలభై రోజులు. జాగా చాలక అడుగున ఒక రేకు ముక్క మేకులు కొట్టి తగిలించారు. దాని మీద ఒక పేరు రాసి, తేదీ వెయ్యకముందే పైన తెల్లరంగు పూసేశారు. రంగు కింద నుంచి అక్షరాలు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. ఆర్డర్ వచ్చి, జాయినవకుండానే రద్దయిన ఆయనట.

అమ్మ అటెండర్‌ని పిలిచింది. "ఏం నాయనా, వీళ్లంతా ఇక్కడ పని చేశారా, చుట్టపుచూపుగా వచ్చిపోయారా?"

"చుట్టాలైతే నయం మామ్మగారూ, కనీసం భోజనం చేసి వెళ్తారు," అన్నాడతను. "ఈ పేర్లు రాసిన పెయింటర్ మూడు నెలల నుంచి తిరుగుతున్నాడు. బిల్లు మీద సంతకం పెట్టేవాళ్లు లేరు."

నాలుగున్నరకి ఒకదాని వెనక ఒకటి రెండు కార్లు వచ్చాయి. మొదటి దాంట్లో ఎఫ్‌ఏసీ ఆయన, రెండో దాంట్లో సెలవు పెట్టినాయన. ఈయన ప్రయత్నం ఫలించలేదు కాబోలు, జాయినవడానికి వచ్చాడు. అప్పజెప్పమని రాతపూర్వకంగా తనకేమీ రాలేదంటాడు మొదటాయన. నా ఆర్డర్ ఇదిగో అంటాడు రెండో ఆయన. కమిషనర్ గదిలోకి ఇద్దరూ వెళ్లలేదు. మేనేజర్ గదిలో ఎదురెదురుగా కూర్చుని, ఇద్దరూ చెవికి ఫోన్లు పెట్టుకుని, "సార్... సార్... అలాగే సార్" అంటున్నారు. బయట ముప్పై మందిమి నిలబడ్డాం. ఎవరికి నమస్కారం పెట్టాలో అర్థం కాక కాంట్రాక్టర్లు ఇద్దరికీ పెట్టారు. పారిశుద్ధ్య కార్మికుల మేస్త్రీ ఒకాయన చేతి తొడుగుల కాగితం పట్టుకుని వచ్చాడు. చేతి తొడుగులకి కూడా కమిషనర్ సంతకమే కావాలి!

ఆరున్నరకి ఇద్దరూ వెళ్లిపోయారు. ఒకాయనకి అధికారం పోయింది, ఇంకొకాయనకి ఇంకా రాలేదు. బస్సులో అమ్మ ఏం మాట్లాడలేదు.

పన్ను వసూలుకి మాత్రం ఈ ఇన్‌ఛార్జి బాధ ఎప్పుడూ రాదు, గమనించారా? ఆ నెలల్లోనే చనిపోయిన నాన్న పేరు మీద నోటీసు ఠంచనుగా వచ్చింది. బాకీ పడితే నెలకి 2 శాతం వడ్డీ. 2021 నుంచి అద్దె విలువ పోయి ఆస్తి విలువ మీద పన్ను వచ్చింది, పెంపు ఏడాదికి 15 శాతం దాటదని చెప్పడం ఓదార్పు. ఏప్రిల్‌లో ఏడాది పన్ను మొత్తం కట్టేస్తే 5 శాతం తగ్గింపు ఇస్తారు, అది మాత్రం వాడుకోండి.

కౌన్సిల్ వల్ల ఉపయోగం లేదు, అధికారులకే వదిలేస్తే బాగుంటుందనేవాళ్లూ ఉన్నారు. గుంటూరు అది కూడా చూసింది. ఇక్కడ 2010లో పాలకవర్గం గడువు ముగిస్తే మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. మధ్యలో అంతా ప్రత్యేకాధికారుల పాలనే. 2018 మార్చిలో కలుషిత నీళ్లు తాగి అతిసారంతో జనం చనిపోయినప్పుడు, వీధిలో పట్టుకుని అడగడానికి ఒక్క కార్పొరేటర్ లేడు. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది, పట్టణాలకి 18 అంశాలు అప్పగించవచ్చని పట్టిక కూడా చేర్చారు. పనుల పట్టిక ఇచ్చి, పని చేసే మనిషిని ఎంచుకునే హక్కు ఇవ్వలేదు.

నా మటుకు నాకు, మంచి ఇన్‌ఛార్జి కంటే చెడ్డ రెగ్యులరే నయం. చెడ్డవాడితో పోట్లాడొచ్చు, ఇన్‌ఛార్జితో పోట్లాడటానికి మనిషి దొరకాలి కదా. సుప్రీంకోర్టు 2013లో అధికారులకి ఒక పోస్టులో కనీస గడువు ఉండాలంది, 2014లో ఐఏఎస్‌లకి రెండేళ్లని నిబంధన మార్చారు. బెజవాడలాంటి కార్పొరేషన్‌కి ఐఏఎస్ కమిషనర్ వస్తే కనీసం చూపించడానికి ఆ నిబంధన ఉంటుంది. మా చిన్న ఊళ్లకి వచ్చేవాళ్లు ఐఏఎస్‌లు కారు, కాబట్టి అదీ వర్తించదు.

మీరు చేయగలిగింది ఒకటుంది. పది రూపాయల ఫీజు కట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గత ఐదేళ్లలో ఎవరెవరు ఏ తేదీన ఛార్జి తీసుకున్నారు, ఏ తేదీన అప్పజెప్పారు, మధ్యలో ఎఫ్‌ఏసీ ఎన్ని రోజులు అని మాత్రమే అడగండి. ఎందుకు మార్చారని అడగొద్దు, దానికి జవాబు రాదు. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. ఆ కాగితం జిరాక్సులు తీసి కౌన్సిలర్లందరికీ ఇవ్వండి, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీకి కూడా జత చేయండి.

మా ఫైలు సంగతా? ఐదో నెలలో సంతకం పడింది. రెండో ఆయనకే మళ్లీ బదిలీ అయి, రిలీవయ్యే ముందురోజు రాత్రి పదకొండు దాటాక ఎన్నో ఫైళ్లు ఒకేసారి నొక్కేశాడు, అందులో మాదీ ఉంది. మీ ఆఫీసులోనూ అలాంటి బోర్డు ఉండే ఉంటుంది. ఈసారి వెళ్లినప్పుడు ఆ నలభై రోజులాయన్ని ఓడించినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో చూసి చెప్పండి.